జరగని పోరులో గెలుపెవరిది?

చెన్నూరులోనైనా, చెన్నైలోనైనా నలుగురు చేరి చాయ్ తాగేచోట తెగని వాదన ఒకటి ఉంటుంది. సచిన్ గొప్పా, బ్రాడ్‌మన్ గొప్పా? ఇద్దరూ ఎదురెదురుగా ఆడింది లేదు కాబట్టి ఎవరి లెక్క వారిది. బాక్సింగ్ అభిమానులూ వందేళ్లుగా ఇలాంటి లెక్కలే వేస్తున్నారు. తేడా ఒక్కటే. సచిన్‌కీ బ్రాడ్‌మన్‌కీ మధ్య అడ్డు నిలిచింది కాలం. తొలితరం హెవీవెయిట్ల మధ్య అడ్డు నిలిచింది మాత్రం... ఒంటిరంగు!

గ్లౌజులొచ్చిన కొత్తలో...

ఒకప్పుడు బాక్సింగ్ అంటే ఉత్త చేతులతో పిడిగుద్దులాటే. ఎవరో ఒకరు కిందపడితేనే రౌండు ముగిసినట్టు. 1867లో వచ్చిన క్వీన్స్‌బెరీ నిబంధనలు ఆటకు కొత్త రూపమిచ్చాయి. చేతులకు గ్లౌజులు, మూడు నిమిషాల రౌండు, మధ్యలో నిమిషం విరామం, పడినవాడు లేవడానికి పది సెకన్ల గడువు అప్పుడు వచ్చినవే. పాత ఆటకు చివరి వీరుడు అమెరికాకు చెందిన జాన్ సలివన్. 1889 జులై 8న జేక్ కిల్రెయిన్‌తో ఉత్త చేతులతో 75 రౌండ్లు తలపడి గెలిచాడు. మూడేళ్లకు, 1892 సెప్టెంబరు 7న న్యూఆర్లీన్స్‌లో గ్లౌజులు తొడుక్కుని దిగి, జిమ్ కార్బెట్ చేతిలో 21వ రౌండులో నేలకూలాడు.

సలివన్ × పీటర్ జాక్సన్

కరీబియన్ దీవుల్లో పుట్టి ఆస్ట్రేలియాలో ఎదిగిన నల్లజాతి బాక్సర్ పీటర్ జాక్సన్. 1886లో ఆ దేశపు హెవీవెయిట్ ఛాంపియన్. తర్వాత అమెరికా వచ్చి సలివన్‌తో పోరు కోరాడు. నల్లవాళ్లతో తలపడేది లేదని సలివన్ తేల్చేశాడు.

తలపడి ఉంటే? సలివన్‌ది దూసుకొచ్చి కొట్టే మోటు బలం. జాక్సన్‌ది పొడవాటి ఎడమచెయ్యి, చురుకైన కాళ్లు. 1891 మే 21న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇదే జాక్సన్, కార్బెట్‌తో 61 రౌండ్లు పోరాడాడు. ఇద్దరూ అలసి సొలసిపోవడంతో ఫలితం తేలకుండానే ఆట ఆపేశారు. ఆ కార్బెట్టే మరుసటి ఏడాది సలివన్‌ను ఓడించాడు. ఈ లెక్కన గ్లౌజుల పోరులో మొగ్గు జాక్సన్ వైపే. అయితే 1882 నాటి పడుచు సలివన్ అయితే మాత్రం మొదటి అయిదు రౌండ్లు జాక్సన్‌కు గండమే!

జెఫ్రీస్ × జాక్ జాన్సన్

ఈ పోటీ నిజంగానే జరిగింది. కానీ జరగాల్సిన రోజుల్లో జరగలేదు. ఓటమి ఎరుగని జిమ్ జెఫ్రీస్ 1904 తర్వాత బరి వదిలేశాడు. 1908 డిసెంబరు 26న సిడ్నీలో టామీ బర్న్స్‌ను ఓడించి, జాక్ జాన్సన్ తొలి నల్లజాతి హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. ఆ కిరీటాన్ని తిరిగి తెల్లవాళ్ల ఇంటికి తెమ్మంటూ జెఫ్రీస్‌ను బతిమాలి లాక్కొచ్చారు. దాదాపు ఆరేళ్లు ఆటకు దూరమై, ఒళ్లు పెంచుకుని, మళ్లీ కరిగించుకుని వచ్చిన జెఫ్రీస్‌ను 1910 జులై 4న రీనోలో జాన్సన్ 15వ రౌండులో మట్టికరిపించాడు. ఆ వార్త విని అమెరికాలో ఊళ్లకు ఊళ్లే అల్లర్లతో అట్టుడికాయి.

1904 నాటి జెఫ్రీస్ అయితే? ఎన్ని దెబ్బలైనా కాచుకుని చివరికి పడగొట్టే మొండిఘటం అతను. 1900లో కార్బెట్ చేతిలో రౌండ్ల కొద్దీ దెబ్బలు తిని, 23వ రౌండులో ఒక్క దెబ్బతో పడగొట్టాడు. జాన్సన్ మాత్రం దెబ్బ తగలనివ్వకుండా ఆడటంలో దిట్ట. పాతిక రౌండ్ల పోరైతే ఎటైనా తిరగొచ్చు.

జాన్సన్ × లాంగ్‌ఫర్డ్

అసలు విడ్డూరం ఇక్కడుంది. 1906లో తనకంటే పొట్టివాడు, తేలికైనవాడు అయిన శామ్ లాంగ్‌ఫర్డ్‌ను జాన్సన్ 15 రౌండ్లలో ఓడించాడు. తర్వాత లాంగ్‌ఫర్డ్ కండపట్టి, రాటుదేలి, ఎదురులేని వీరుడయ్యాడు. అప్పటికి జాన్సన్ ఛాంపియన్. తాను నల్లవాడై ఉండీ, నల్లవాడైన లాంగ్‌ఫర్డ్‌కు టైటిల్ పోరు ఇవ్వలేదు. తెల్లవాళ్లతో ఆడితేనే టికెట్లు అమ్ముడయ్యే కాలమది. తలుపు తోసుకుని లోపలికెళ్లినవాడే వెనకవాడికి గడియ పెట్టాడు! 1911 ప్రాంతంలో ఇద్దరూ కలబడి ఉంటే? లాంగ్‌ఫర్డ్‌కు సగం అవకాశం ఇవ్వక తప్పదు.

నిజంగా జరిగిన పోరు

ఎక్కడో అమెరికా ముచ్చట మనకెందుకు అనుకుంటున్నారా? చెన్నూరు చేరే గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది నిజామాబాద్ జిల్లాలో. ఆ నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2019 అక్టోబరులో కేంద్ర క్రీడల మంత్రికి లేఖ రాసింది. ఒలింపిక్ అర్హత పోటీలకు మేరీకోమ్‌ను నేరుగా పంపాలని బాక్సింగ్ సమాఖ్య అనుకుంటున్న రోజులవి. మేరీకోమ్ మీద గౌరవం ఉంది, అయినా న్యాయంగా ట్రయల్ పెట్టాలన్నదే నిఖత్ కోరిక. ఆ ఏడాది డిసెంబరు 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. 9-1తో మేరీకోమే గెలిచింది.

నిఖత్ ఓడింది. కానీ ఎవరు మేలన్నది తేలింది. మరి ఊహల్లో వాదించుకోవాల్సిన పని లేకపోయింది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్‌గా నిలిచిందీ, 2023లో ఢిల్లీలో ఆ స్వర్ణాన్ని మళ్లీ గెలిచిందీ ఈ నిఖతే.

పీటర్ జాక్సన్ 1901లో ఆస్ట్రేలియాలో కన్నుమూశాడు. అతడు అడిగింది గెలుపు కాదు, బరిలో చోటు. అదీ దక్కకే అతని పోరును నేటికీ మనం చాయ్ గ్లాసుల మధ్య ఆడించాల్సి వస్తోంది.