మీకు తెలుసా? లండన్‌లో ‘హైదరాబాద్ నంబర్ 12ఏ’

1903 డిసెంబర్ 17న రైట్ సోదరుల విమానం తొలిసారి గాల్లో నిలిచింది 12 సెకన్లే. దాటిన దూరం 37 మీటర్లు. పదిహేనేళ్లు తిరక్కుండానే, పాతబస్తీలోని పురానీ హవేలీలో పుట్టిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సొమ్ముతో బ్రిటిష్ వైమానిక దళం (ఆర్ఏఎఫ్)లోని 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్‌9ఏ బాంబర్లు సమకూరాయి. చెక్క చట్రానికి గుడ్డ బిగించిన ఆ విమానాల మీద దాత నిజాం అని, హైదరాబాద్ అని, పక్కన వరస నంబరు రాశారు. స్క్వాడ్రన్ పేరే ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’ అయిపోయింది.

వాటిలో 12ఏ నంబరు విమానానిది సినిమా కథ. 1918 అక్టోబర్ 5న జర్మనీ మీద దాడికి వెళ్లి శత్రువుల చేతికి చిక్కింది. తర్వాత బెర్లిన్ మ్యూజియానికి చేరింది. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడి నుంచి పోలండ్‌కు తరలిపోయింది. 1977లో బ్రిటన్ ఒక స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాన్ని బదులుగా ఇచ్చి దాన్ని వెనక్కి తెచ్చుకుంది. ఇప్పుడది లండన్‌లోని ఆర్ఏఎఫ్ మ్యూజియంలో ఉంది.

ఈ బేరంలో ఓ తమాషా ఉంది. రెండో యుద్ధంలో హైదరాబాద్ పేరు పెట్టుకున్న 152వ స్క్వాడ్రన్ ఎక్కువగా నడిపినవీ స్పిట్‌ఫైర్‌లే! ఆ దళం చిహ్నం ఏమిటనుకున్నారు? గద్దా కాదు, పులీ కాదు, నిజాం తలపాగా.