కావలి కెమెరాకు తాళపుచెవి ఎవరిచేత నున్నది?

కంచెయే చేను మేసినచో కాపాడువారెవ్వరని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెత ఇప్పుడు మన యిండ్ల గోడలకు వెలసిన క్రొత్త కావలికి చక్కగా వర్తించుచున్నది. ఆ కావలి యనగా సెల్‌ఫోనులో చూచుకొనదగిన చిన్న కెమెరా.

కొన్ని యేండ్ల క్రిందట పట్టణములలోని బ్యాంకులకును, పెద్ద దుకాణములకును మాత్రమే యుండిన యీ సాధనము నేడు పల్లెలకు వచ్చినది. ఒకటి రెండు వేల రూపాయలకే దొరకుచున్నది. పొలమునందలి మోటారును, రాగి తీగెలను దొంగలనుండి కాచుకొనుటకు ఒకరు, కొట్టములోని యీనబోవు గేదెను రాత్రివేళ కనిపెట్టుటకు మఱియొకరు, కళ్లములోని ధాన్యపురాశికై వేఱొకరు దీనిని కొనుచున్నారు. హైదరాబాదునందో అమెరికాయందో ఉద్యోగము చేయు బిడ్డలు ఇంటివద్ద నొంటరిగా నున్న తల్లిదండ్రుల యోగక్షేమములు చూచుకొనుటకై దీనిని పెట్టించుచున్నారు. ఇవి యన్నియు న్యాయమైన కోరికలే. కెమెరా వలదని చెప్పుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము కాదు. కావలివానిని పెట్టుకొనునప్పుడు వాని నడవడి విచారించునట్లే, దీని నడవడిని గూడ విచారింపవలయునని చెప్పుటయే మా యుద్దేశము.

చిత్రము నడచు త్రోవ

పూర్వపు కావలివాడు వాకిట కూర్చుండి, తాను చూచినది తనలోనే యుంచుకొనెడివాడు. ఈ కావలి తీరు వేఱు. కెమెరా పట్టిన చిత్రము మొదట ఇంటిలోని వైఫై పెట్టెకు, అనగా రౌటరునకు చేరును. పొలమునందైనచో సిమ్ కార్డు మూలమున వెడలును. అచ్చటినుండి ఇంటర్నెట్టుమీదుగా కంపెనీవారి సర్వరు అను పెద్ద కంప్యూటరునకు పోవును. ఆ సర్వరు ఏ దేశమున నున్నదో కొన్నవానికి సాధారణముగా తెలియదు. మనము చేనిగట్టున నిలిచి ఫోను తెఱచినప్పుడు మన కెమెరాను మన ఫోనుతో కలుపునది ఆ సర్వరే.

నూఱు మైళ్ల దూరమునుండి మన వాకిలి మనకు కనబడుచున్నదనగా, ఆ వాకిటివఱకు నూఱు మైళ్ల బాట యొకటి ఏర్పడినదని యర్థము. ఆ బాటలో మన మొక్కరమే నడతుమనుకొనుట పొరపాటు. దానికి మూడు తలుపులు కలవు. కెమెరాకు గల పాస్‌వర్డు అను రహస్యపదము మొదటిది. ఫోనులో మనము తెఱచిన ఖాతా రెండవది. కంపెనీవారి సర్వరు మూడవది. మొదటి రెండును మనచేతిలోనివి, మూడవది పరులచేతిలోనిది.

మొదటి తలుపు

కర్మాగారమునుండి వచ్చునప్పుడు ఒక జాతి కెమెరాల కన్నిటికి ఒకే రహస్యపదము పెట్టి పంపుట చాలకాలము వాడుకగా నుండెను. ‘అడ్మిన్’ అనియో ‘12345’ అనియో యుండును. ఊరిలోని తాళములన్నిటికి ఒకే చెవి యున్నట్లే గదా! ఈ సంగతి దొంగలకును తెలియును. 2016లో మిరాయ్ అను దుష్టప్రోగ్రాము బయలుదేరెను. అది సుమారు 60 వాడుక రహస్యపదములను వరుసగా ప్రయోగించి, లోకమంతటను గల కెమెరాలను, చిత్రములు భద్రపఱచు పెట్టెలను, రౌటరులను లక్షలకొలది లోబఱచుకొనెను. ఆ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన అట్టి సాధనములచేత నొక కంపెనీ సర్వరులను ముట్టడి చేయింపగా, అమెరికాలో ట్విట్టరు మొదలగు ప్రసిద్ధ సంస్థల సేవలు కొన్ని గంటలసేపు అందకపోయెను. కెమెరా కొన్నవారికి తమ కావలివాడు పరులతో కూడి దోపిడికి పోయివచ్చెనని యైనను తెలియలేదు.

ఇది దూరదేశపు ముచ్చట యనుకొనవలదు. 2025 ఫిబ్రవరిలో గుజరాతులోని రాజ్‌కోట్ నగరమున నొక ప్రసూతి వైద్యశాలయందు స్త్రీలకు చేసిన పరీక్షల దృశ్యములు ఇంటర్నెట్టున అమ్మకమునకు వచ్చినట్లు బయటపడెను. పోలీసులు శోధింపగా, దేశమున పలుతావులనున్న సుమారు 80 కెమెరా ఏర్పాటులనుండి 50,000 వఱకు దృశ్యములు దొంగిలింపబడినట్లు తెలిసెను. ఆ వైద్యశాల కెమెరాలకు ‘అడ్మిన్123’ అను కర్మాగారపు రహస్యపదమే యుండెనని విచారణలో తేలినది. ఒక్క నిమిషములో మార్చదగినదానిని మార్చకపోవుటచేత, ఆపదలో నున్న యెందఱో తల్లుల మానము అంగడికెక్కెను.

రెండవ తలుపు

మన పల్లెలలో కెమెరాను స్వయముగా బిగించుకొనువారు తక్కువ. పట్టణమునుండి వచ్చిన పనివాడు బిగించి, తన ఫోను సంఖ్యతోనో తన ఈమెయిలుతోనో ఖాతా తెఱచి, రైతు ఫోనునకు చూచుట కనుమతి మాత్రమిచ్చి పోవుట కద్దు. అందుచేత నిజమైన యజమాని యా పనివాడే యగుచున్నాడు. అతడు మంచివాడే కావచ్చును. కాని అతని ఫోను పోయినను, అతడు కొలువు మారినను మన నడవ చిత్రము ఎవరిచేత పడునో చెప్పనలవికాదు. డబ్బిచ్చి కొన్న యినుపబీరువాకు తాళపుచెవి వడ్రంగివద్ద నుంచుదుమా?

ఇట్టిదే మఱియొక పొరపాటు కలదు. ఒకే రహస్యపదమును పలుచోట్ల వాడుట. ఒక వ్యాపారసంస్థనుండి దొంగిలిన రహస్యపదములను తెచ్చి దొంగలు కెమెరా ఖాతాలపై ప్రయోగించి చూతురు. అమెరికాలోని రింగ్ అను కెమెరా కంపెనీకి చెందిన సుమారు 55,000 మంది ఖాతాలు 2019 జనవరికిని 2020 మార్చికిని నడుమ ఇట్లు పరులపాలయ్యెనని ఆ దేశపు వాణిజ్యసంఘము 2023లో ఆరోపించెను. కొన్ని యిండ్లలో పరాయివారు కెమెరాలోనుండి పిల్లలతో మాటలాడి భయపెట్టిరి. కెమెరాకు కన్నే కాక చెవియు నోరును గూడ నుండునని మఱవరాదు.

మూడవ తలుపు

మన మెంత జాగ్రత్తపడినను కంపెనీవారి లోపమును మనము సరిదిద్దలేము. పైన చెప్పిన కంపెనీలోనే ఒక ఉద్యోగి 2017లో కొన్ని నెలలపాటు స్త్రీల పడకగదుల, స్నానపుగదుల దృశ్యములను వేలకొలది చూచుచుండెనని అదే ఆరోపణలో నున్నది. కంపెనీవారు 58 లక్షల డాలర్లు చెల్లించుట కొడబడిరి.

వైజ్ అను మఱియొక అమెరికా కంపెనీ మిక్కిలి చౌక కెమెరాలకు పేరువడినది. 2024 ఫిబ్రవరిలో దాని సర్వరులు నిలిచిపోయి, మరల నడచునప్పుడు సుమారు 13,000 మందికి ఇతరుల యిండ్ల చిత్రములు కనబడెను. అంతకుముందు, ఆ కెమెరాలలో లోపములున్నవని 2019 మార్చిలోనే పరిశోధకులు తెలియజేయగా, కడపటి లోపము సరియగుసరికి సుమారు మూడేండ్లు పట్టెను. మొదటి రకపు కెమెరా తయారీ నిలిచిపోయినందున దానికి సవరణయే రాలేదు. చౌకసరకులోని గుట్టిదియే. కొన్ననాటి వెల తక్కువ; కాని లోపము బయటపడిననాడు దానిని దిద్దువాడు లేడు. అందుచేత కెమెరా ఎచ్చటికి తిప్పితిమన్నదే కడపటి రక్షణ. చూడనిదానిని ఎవ్వరును దొంగిలింపలేరు.

కన్ను ఎటు చూడవలయును

వాకిలి, కొట్టము, మోటారు షెడ్డు, గాదె, కళ్లము — వీనిని చూడనిండు. పడకగదిని, పెరటిలోని స్నానపు దడిని, ఆడువారు కూర్చుండు నడవను కెమెరా చూడరాదు. పొరుగువారి వాకిలియు, వీధికొళాయియు మన కెమెరాలో పడరాదు. కలుపుతీయు కూలి స్త్రీలు అన్నము తిని విశ్రమించు చెట్టునీడవైపు దానిని త్రిప్పుట మర్యాద కాదు. మన యింటి స్త్రీలకు వలదనుకొన్నది పరుల యింటి స్త్రీలకును వలదు.

చట్టమును ఇట్లే చెప్పుచున్నది. ఆంతరంగిక జీవనము పౌరుల ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో తీర్పుచెప్పెను. ఉమ్మడి యింటిలో నివసించు భాగస్థుని సమ్మతి లేక నివాసభాగమున కెమెరాలు నడపరాదని కలకత్తా హైకోర్టు 2025లో తీర్పు చెప్పగా, దానిపై అప్పీలును సుప్రీంకోర్టు తోసిపుచ్చెను. పంచుకొనని యింటిలో అన్నదమ్ములు దీనిని గమనింపవలయును. ఒకరి మర్మావయవముల చిత్రమును సమ్మతి లేక తీయుట, పంపుట, ప్రకటించుట సమాచార సాంకేతిక చట్టము 66ఇ సెక్షను క్రింద మూడేండ్లవఱకు శిక్షకు, రెండు లక్షలవఱకు జరిమానాకు పాత్రమగును.

అంగడిలో అడుగవలసినది

కెమెరాలకు భద్రతాపరీక్ష తప్పనిసరి చేయుచు కేంద్రప్రభుత్వము 2024 ఏప్రిలులో నుత్తరు విడుదలచేసెను. అది 2025 ఏప్రిలు 9వ తేదీనుండి అమలునకు వచ్చినది. కావున పాతనిలువ సరకును తక్కువ ధరకు అంటగట్టజూచువారు ఉండవచ్చును. పెట్టెపై భారతీయ ప్రమాణముల సంస్థవారి ముద్రయు, ‘ఆర్’ అను అక్షరముతో మొదలగు సంఖ్యయు నుండవలయును. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ అను యాప్‌లో సరిచూచుకొనవచ్చును. ముద్ర పూర్వమునుండియు నున్నదే గనుక, ఈ నమూనా క్రొత్త భద్రతాపరీక్షలో నెగ్గినదా యని అమ్మువానిని అడిగి, రసీదుపై వ్రాయించుకొనుడు. వ్రాయ నిరాకరించువానివద్ద కొనకుడు.

చేయవలసిన పనులు

1. కెమెరాకును, రికార్డరునకును, రౌటరునకును కర్మాగారపు రహస్యపదములను నేడే మార్చుడు. ఒక్కొక్కదానికి వేఱు పదము, పండ్రెండు అక్షరములకు తగ్గకుండ పెట్టుడు.

2. ఖాతా మీ ఫోను సంఖ్యతోనే యుండవలయును. పనివాని పేర నున్నచో వాని యెదుటనే తీసివేయించి, మీ పేర క్రొత్తగా తెఱపింపుడు.

3. రహస్యపదముతోపాటు ఫోనునకు వచ్చు అంకెలను గూడ అడుగు ఏర్పాటున్నచో దానిని పెట్టుకొనుడు. ఆ అంకెలను ఎవ్వరడిగినను చెప్పకుడు.

4. దూరమందున్న బిడ్డలకు రహస్యపదము చెప్పుటకు బదులు యాప్‌లోనుండియే చూచుట కనుమతి నిండు.

5. యాప్ సవరణలు వచ్చినప్పుడు వాయిదా వేయక చేసికొనుడు. సవరణలు రాక నిలిచిపోయిన కెమెరాను ఇంటిలోపల వాడకుడు.

6. మాటలు వినవలసిన పని లేనిచోట మైకును నిలిపివేయుడు.

7. కెమెరాలోని మెమరీ కార్డును దొంగ కెమెరాతోకూడ పట్టుకొనిపోవును. వీలైనవారు రికార్డరును తాళమువేసిన గదిలో నుంచుడు.

8. పాత కెమెరాను అమ్మునప్పుడు కార్డు తీసి, ఖాతానుండి తొలగించి, లోపలి సంగతులన్నియు చెఱిపి యిండు.

9. మీ చిత్రములు బయటపడినవని తెలిసినచో సిగ్గుపడి దాచక, 1930 సంఖ్యకు ఫోను చేయుడు. పోలీసులకు ఫిర్యాదు నిండు. తప్పు దొంగిలినవానిది, మీది కాదు.

సంఘముయొక్క విధి

ఒంటరిరైతు అంగడికి పోయినచో అమ్మువాడు చెప్పినదే వేదము. ఎరువులను విత్తనములను కలిసి కొనుట నేర్చిన మనము దీనిని మాత్రము ఒంటరిగా నేల కొనవలయును? ఇరువదిమంది సభ్యులు కలిసి అడిగినచో ధరయు తగ్గును, పరీక్షాపత్రమును చేతికి వచ్చును, సవరణలు ఎన్నేండ్లు పంపుదురో వ్రాతమూలకమైన హామీయు లభించును. ఊరిలో చదువుకొన్న యువకుల నిద్దఱను ఎన్నుకొని యీ పని నేర్పించినచో, ఒక వారములో సభ్యుల యిండ్లలోని రహస్యపదములన్నియు మార్పింపవచ్చును. ఐతే పదమును రైతే స్వయముగా వ్రాసికొనవలయును. యువకుడు త్రోవ చూపి, ఆ క్షణమున ముఖము త్రిప్పుకొనవలయును.

ఈ దిద్దుబాటు మొదట సంఘ కార్యాలయముననే జరుగవలయును. అచ్చటి కెమెరా తలుపును, ఇనుపబీరువాను చూడవచ్చును గాని, సభ్యుడు పాసుపుస్తకము తెఱచు బల్లను, అప్పు విషయము కార్యదర్శితో మెల్లగా చెప్పుకొను చోటును చూడరాదు. బాకీపడిన రైతు ముఖము ఇంకొకరికి వినోదము కాకూడదు. వచ్చు సర్వసభ్య సమావేశమున నిది చర్చకు రావలయునని కోరుచున్నాము. ఆలోపల నేటి రాత్రి దీపము పెట్టిన పిమ్మట, ప్రతి సభ్యుడును తన గోడపైనున్న కెమెరా ఎదుట నిలిచి రెండు ప్రశ్నలు వేసికొనవలయును: ఇది ఏమి చూచుచున్నది? దీని తాళపుచెవి ఎవరిచేత నున్నది? రెండింటికిని జవాబు తెలియువఱకు దాని తీగె ఊడబెరికి యుంచుట మేలు.