అలెగ్జాండ్రియాలో దొరికిన జవాబు

నాలుగేళ్ళ క్రితం మా తరగతిలో ఒక బాలుడు లేచి, "ఉస్తాద్, అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని మనవాళ్ళే తగులబెట్టారట, నిజమేనా?" అని అడిగాడు. అబద్ధమని గద్దించి కూర్చోబెట్టాము. గద్దింపు జవాబు కాదని మాకు అప్పుడే తెలుసు. ఆ మాట ముల్లులా మనసులో ఉండిపోయింది.

ఆ తర్వాత అరబీ బోధనలో శిక్షణ కోసం కైరో వెళ్ళే అవకాశం కలిగింది. అక్కడ వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. శుక్రవారం ఫజ్ర్ నమాజు ముగించుకుని రమ్‌సీస్ స్టేషన్‌లో రైలెక్కాము. రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. దారిపొడవునా నైలు డెల్టా పచ్చని పొలాలు చూస్తే మన గోదావరి సీమ గుర్తుకొచ్చింది.

స్టేషన్ బయట టాక్సీ డ్రైవరుతో మదరసాలో నేర్చిన అరబీ మాట్లాడాము. అతడు నవ్వి, "మీరు పుస్తకంలా మాట్లాడుతున్నారు, ఉస్తాద్!" అన్నాడు. మాకూ నవ్వొచ్చింది.

జుమా నమాజు అబుల్ అబ్బాస్ ముర్సీ మసీదులో చేశాము. ఎదురుగానే ఇమామ్ బూసీరీ సమాధి. మన ఊళ్ళలో మీలాద్ సభల్లో భక్తితో చదివే ఖసీదా బుర్దా రచయిత ఆయనే. చిన్ననాటి నుంచి నోట పలికిన పేరు కళ్ళెదుట నిలిచినట్లయింది.

సాయంత్రం సముద్రపు ఒడ్డున ఖైత్‌బే కోట చూశాము. ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటైన దీపస్తంభం ఉన్న చోటు ఇదే. 1326లో ఈ నగరానికి వచ్చిన ఇబ్నె బతూతా, దాని ఒక పక్క కూలి ఉండటం చూశాడు. 1349లో మళ్ళీ వచ్చేసరికి లోపలికి వెళ్ళడానికి కూడా వీల్లేనంతగా శిథిలమైంది. భూకంపాలు దానిని నేలమట్టం చేశాయి. 1477లో సుల్తాన్ ఖైత్‌బే ఆ స్థలంలోనే కోట కట్టించడం మొదలుపెట్టాడు.

శనివారం కొత్త గ్రంథాలయానికి వెళ్ళాము. 2002లో ప్రారంభమైన ఈ భవనం సముద్రం వైపు వాలిన పెద్ద పళ్ళెంలా ఉంటుంది. బయటి రాతిగోడ నిండా ప్రపంచ లిపుల అక్షరాలు చెక్కారు. తెలుగు అక్షరం కోసం చాలాసేపు వెతికాము. జుహ్ర్ వేళ కావడంతో ఆపాము.

లోపల ఒక ఉద్యోగిని ఆ బాలుడి ప్రశ్నే అడిగాము. ఆయన విసుక్కోలేదు, తేదీలు చెప్పాడు. క్రీ.పూ. 48లో జూలియస్ సీజర్ యుద్ధంలో రేవు నుంచి మంటలు వ్యాపించాయి. క్రీ.శ. 391లో సెరాపియం ఆలయం ధ్వంసమైంది. హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) సేన వచ్చింది 641లో. ఆ శతాబ్దంలోనే ఈ విజయం గురించి రాసిన ఈజిప్టు క్రైస్తవ బిషప్ జాన్ ఆఫ్ నికియూ గ్రంథాలయ దహనం ఊసే ఎత్తలేదు. హజ్రత్ ఉమర్ (రజి) ఆజ్ఞతో గ్రంథాలను హమామ్‌ల పొయ్యిలలో వేశారన్న కథ కనిపించేది దాదాపు ఆరు శతాబ్దాల తర్వాతనే.

అంతటితో ఆగితే మాకు సంతోషంగానే ఉండేది. కాని ఆయన మరొక మాట కూడా చెప్పాడు. ఆ కథను మొదట రాసిన అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ, ఇబ్నుల్ ఖిఫ్తీ ఇద్దరూ ముస్లిములే! మేము తల దించుకున్నాము. వార్త వస్తే విచారించి నమ్మమని సూరా హుజురాత్ నేర్పిన సమాజం మనది. హైదరాబాద్‌లో కొంతకాలం పనిచేసిన మౌలానా షిబ్లీ నోమానీ ఈ విషయంపైనే ఉర్దూలో ఒక పుస్తకం రాశారు. మా మదరసా అల్మారాలోనే ఉండేది. తెరవనిది మేమే.

ఊరు చేరగానే ఆ బాలుణ్ణి పిలిపించాము. ఇప్పుడతను ఇంటర్ చదువుతున్నాడు. ఆనాడు గద్దించినందుకు మన్నించమని కోరి, తేదీలన్నీ వివరించాము. అంతా విని, "అయితే మొదట రాసింది మనవాళ్ళేనా, ఉస్తాద్?" అన్నాడు.

అవునన్నాము. ఈసారి గద్దించలేదు.