సూట్‌కేసుల్లో సర్దిన కాపురం

రెండు సూట్‌కేసులు. ఒక్కోటీ ఇరవై మూడు కిలోలు. పట్టుచీరలు, ప్రెషర్‌ కుక్కర్‌, కందిపొడి, అత్తగారిచ్చిన పసుపు కుంకుమ, అమ్మ ఆఖరి నిమిషంలో దూర్చిన గోంగూర పచ్చడి సీసా... అన్నీ అందులోనే. శంషాబాద్‌ విమానాశ్రయంలో తూకం దగ్గర ఒకటి తీసి ఇంకోటి పెట్టే ఆ హడావుడి చూస్తే చాలు, అమ్మాయికి పెళ్లయి నెల తిరగలేదని తెలిసిపోతుంది. భర్తది హెచ్‌-1బి వీసా. ఆమెది హెచ్‌-4.

అమెరికా సంబంధమంటే అంతా పరుగే. అబ్బాయికి దొరికేది రెండుమూడు వారాల సెలవు. అందులోనే పెళ్లి, సత్యనారాయణ వ్రతం, వివాహ ధ్రువపత్రం, వీసా ఇంటర్వ్యూ. హైదరాబాద్‌ కాన్సులేట్‌లో 2009లో వీసాలు ఇవ్వడం మొదలయ్యేదాకా దానికోసం చెన్నై పోవాల్సి వచ్చేది. ఇంటర్వ్యూ తేదీ దొరక్కపోతే అబ్బాయి ముందు, అమ్మాయి తర్వాత.

అన్నట్టు, సామానులో పచ్చి కరివేపాకు పెడితే అక్కడి కస్టమ్స్‌ వాళ్లు తీసేసుకుంటారు. నిమ్మ, నారింజ తోటలకు తెగులు తెచ్చే పురుగు దాంతో వస్తుందని భయం. కోడి పచ్చడి లాంటివీ ఇబ్బందే. ఏం తెచ్చారో చెప్పకుండా దాచిపెడితే జరిమానా కూడా పడొచ్చు.

తాలింపు పెడితే అలారం!

డాలస్‌ శివార్లలోని అపార్ట్‌మెంట్‌ అనుకోండి. గోడలు చాలావరకు చెక్కవే. పై అంతస్తులో ఎవరు నడిచినా వినిపిస్తుంది కానీ మనుషులు కనిపించరు. మొదటివారంలో ఎండుమిర్చి తాలింపు వేయగానే పైకప్పుకున్న పొగ అలారం కుయ్యోమంటుంది. కొత్త పెళ్లికూతురు హడలిపోతుంది. కిటికీలు తీసి తువ్వాలుతో పొగని తోలడం భర్త బ్రహ్మచారిగా ఉన్నప్పుడే నేర్చుకుని ఉంటాడు. నలుగురు రూమ్మేట్లతో వంతులవారీగా వండుకుని, పేపరు ప్లేట్లలో తిని బతికినవాడాయన. ఇంటికి రెండో దుప్పటి, నాలుగు గిన్నెలు కావాలన్న సంగతి అప్పుడే గుర్తొస్తుంది. కాపురం అతనికీ కొత్తే మరి!

పాలు గ్యాలన్లలో, దూరం మైళ్లలో, ఎండ ఫారెన్‌హీట్‌లో... ఇవన్నీ రెండువారాల్లో అలవాటైపోతాయి. అలవాటు కానిది గడియారం. డాలస్‌లో వేసవిలో ఉదయం ఎనిమిదైతే మన దగ్గర సాయంత్రం ఆరున్నర. అమ్మతో కబుర్లకు మంచి వేళే. భర్త ఆఫీసుకెళ్లాక, మధ్యాహ్నం ఒంటిగంటకు దిగులు ముంచుకొస్తేనో? ఇక్కడ రాత్రి పదకొండున్నర. ఎవరిని లేపుతారు!

బయటికెళ్దామంటే కారుండాలి. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఓక్‌ట్రీ రోడ్డుకు దగ్గర్లో ఇల్లు దొరికినవాళ్లు అదృష్టవంతులు. నడిచి వెళ్లి సోనామసూరి బియ్యం, దోసకాయలు తెచ్చుకోవచ్చు. టెక్సస్‌ శివార్లలో అలా కుదరదు. పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం ఎంతని అడిగే పెద్దలు, ఆ ఇంటి నుంచి నడిచివెళ్లే దూరంలో ఏముందని మాత్రం అడగరు. అందుకే అక్కడ అమ్మాయి మొదట సంపాదించాల్సింది డ్రైవింగ్‌ లైసెన్సు. స్టాప్‌ బోర్డు దగ్గర రోడ్డు ఖాళీగా ఉన్నా సరే, బండి పూర్తిగా ఆపాల్సిందే. మన రోడ్ల మీద నేర్చుకున్నవాళ్లు చాలామంది తప్పేది అక్కడే.

చదువుంది... పనిలేదు

అసలు కష్టం వంటింట్లోనో రోడ్డు మీదో కాదు, వీసా కాగితంలో ఉంది. ఇంజినీరింగ్‌ చదివి, హైటెక్‌ సిటీలో నెలనెలా జీతం తీసుకున్న అమ్మాయి హెచ్‌-4 మీద దిగితే ఉద్యోగం చేయడానికి లేదు. పని అనుమతి లేనిదే సోషల్‌ సెక్యూరిటీ నంబరూ రాదు. పన్ను లెక్కలకు ఐటిన్‌ అనే వేరే సంఖ్య తీసుకోవాలి. నిన్నటిదాకా ఇంటికి డబ్బు పంపిన పిల్ల, ఇవాళ లిప్‌స్టిక్‌ కొనాలన్నా భర్త కార్డు అడగాలి. ఇది అతనికి చిన్న విషయంగా కనిపించొచ్చు. ఆమెకు కాదు.

2015 మే 26 నుంచి కొంత వెసులుబాటు వచ్చింది. భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఐ-140 ఆమోదం పొందినా, ఆ ప్రక్రియ వల్ల హెచ్‌-1బిని ఆరేళ్లు దాటి పొడిగించుకున్నా భార్య పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. అంటే కొత్తగా పెళ్లయి, కంపెనీ ఇంకా ఆ కాగితాలే మొదలుపెట్టని జంటకు ఎదురుచూపే. ఆ తర్వాతి గ్రీన్‌కార్డుకైతే ఒక్కో దేశానికి ఏడు శాతమనే పరిమితి వల్ల మనవాళ్ల వరుస ఏళ్లకేళ్లు సాగుతుంది. అనుమతి చేతికొచ్చినా దానికి గడువుంటుంది. 2025 అక్టోబర్‌ 30 నుంచి చేసే రెన్యువల్‌ దరఖాస్తులకు చాలావరకు ఆటోమేటిక్‌ పొడిగింపు లేదు. కొత్త కార్డు ఆలస్యమైతే ఉద్యోగం ఆపేయాల్సిందే. అందుకే గడువు ముగిసే 180 రోజుల ముందే దరఖాస్తు పెట్టేస్తున్నారు.

ఖాళీగా ఉన్నాం కదాని పచ్చళ్లు చేసి అమ్మడం, పిల్లలకు డబ్బులకు సంగీతం చెప్పడం మంచిది కాదు. అనుమతి లేని పని కిందికొచ్చి వీసాకే ఎసరు పెట్టొచ్చు. చదువుకోవడానికి మాత్రం అడ్డులేదు. హెచ్‌-4 మీదే కాలేజీలో చేరొచ్చు. ఊళ్లో పబ్లిక్‌ లైబ్రరీ ఉంటుంది, కార్డు సాధారణంగా ఉచితం. ఇంగ్లిషు మాట్లాడే తరగతులు కూడా చాలాచోట్ల అక్కడే.

పాస్‌పోర్టు ఎవరి దగ్గర?

అమ్మాయిని పంపే తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్న ఇది. పాస్‌పోర్టు, ఐ-94, వివాహ ధ్రువపత్రం... అసళ్లు ఆమె చేతిలో ఉండాలి, నకళ్లు పుట్టింట్లో ఉండాలి. బ్యాంకు ఖాతాలో ఆమె పేరూ చేర్చాలి. ఎక్కువమంది భర్తలు ఇవన్నీ అడక్కుండానే చేస్తారు. చేయనివాళ్ల సంగతే సమస్య. నా వీసా మీద వచ్చావు, నేను కాదంటే వెళ్లిపోవాల్సిందే అని బెదిరించి చేయిచేసుకునేవాళ్లూ ఉన్నారు. అలాంటప్పుడు 911కు ఫోన్‌ చేయడానికి వీసా ఏదైనా ఒకటే. ఇంగ్లిషు రాకపోతే ‘తెలుగు’ అన్న ఒక్క మాట చెబితే దుబాసీ కోసం ప్రయత్నిస్తారు. హింసకు గురైన హెచ్‌-4 భార్య భర్త సంతకంతో పనిలేకుండా ఐ-765వి ఫారంతో సొంతంగా పని అనుమతి కోరవచ్చు. ఈ సంగతి ఇక్కడి పుట్టింటివాళ్లలో చాలామందికి తెలియదు. సర్దుకుపొమ్మని ఫోన్‌లో చెప్పే ముందు తెలుసుకోవాల్సింది మాత్రం వాళ్లే.