వేటకుక్కకు గురువు

నా మేనల్లుడు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున కాపురమున్నాడు. అచ్చట శరత్కాలమున ప్రభుత్వానుమతితో అడవిబాతులను వేటాడుదురు. (మన దేశమున 1972 నాటి చట్టము ననుసరించి అట్టి వేట నేరము.) అతడొక లాబ్రడార్ రిట్రీవరు పిల్లను తెచ్చెను. కూలిన పక్షిని పంటిగాటు పడకుండ నీటినుండి తెచ్చి యజమాని చేతికిచ్చుట ఆ జాతి పని.

నాలుగవ మాసముననే దాని చెవిచెంత తుపాకి పేల్చిరి. నాటినుండి అది తుపాకి కంటబడినంతనే మంచముక్రింద దూరెడిది. అతడు నాకు మొరపెట్టుకొనగా, "గురువును వెదకుము" అంటిని. బెదరిన పిల్లవానికి అక్షరమంటదని 35 ఏండ్లు బడిలో చూచినవాడను.

ఆ గురువు ఎట్లు దొరకును? అమెరికన్ కెన్నెల్ క్లబ్బు 1985 నుండి రిట్రీవర్లకు వేటపరీక్షలు జరుపుచున్నది. అచ్చటికి ఊరక చూడబోయి, ఎవని కుక్క తోకయాడించుచు పనిచేయునో వానిని ఆశ్రయింపవలెను. కుక్కను నెలలకొలది అప్పగించు శిక్షణశాలలును గలవు. కాని యజమానియు నేర్వనిచో, ఇల్లుచేరిన కుక్క నేర్చినది మరచును.

మావానికొక ముదుసలి వేటగాడు దొరకెను. ఆయన మొదట తుపాకినే దాచిపెట్టించెను. కూర్చుండుట, పిలిచిన వచ్చుట, విసరిన గుడ్డమూటను తెచ్చుట, ఇంతియే పాఠము. పిల్ల ఉత్సాహముతో మూటకై పరుగిడునప్పుడు దవ్వున చిన్న చప్పుడు చేయించెడివాడు. లెక్కచేయనిచో కొన్నాళ్లకు కొంత దగ్గరగా. చెవులు వాల్చెనా, మరల దూరముగా. ఎనిమిది మాసములు పట్టెను.

మొన్నటి కార్తికమున అది సరస్సులో దుమికి తొలిబాతును తెచ్చెనట. వంటయింట పళ్లెము జారిపడినచో మాత్రము నేటికిని ఉలికిపడును.