‘నానా’ ఉంగరానికి ఎందుకంత క్రేజ్? మాంగా హీరోయిన్ల ఫ్యాషన్ వెనక అసలు కథ ఇదీ!

వేలు మొత్తాన్ని కప్పేసే వెండి ఉంగరం. మధ్యలో కీళ్లుంటాయి కాబట్టి వేలు వంచితే ఉంగరమూ వంగుతుంది. చూడ్డానికి యుద్ధానికి వెళ్లే సైనికుడి చేతి కవచంలా ఉంటుంది. ఇన్‌స్టా రీల్స్ ఎక్కువగా చూసేవాళ్లకు ఇది ఎక్కడో ఒకచోట కనపడే ఉంటుంది. తయారు చేసేది లండన్‌కు చెందిన వివియన్ వెస్ట్‌వుడ్ కంపెనీ. కానీ చాలామంది అమ్మాయిలకు మాత్రం ఇది ‘నానా ఉంగరం’. ఆ నానా సినిమా స్టార్ కాదు, మోడల్ కాదు.. అసలు మనిషే కాదు. జపాన్ కామిక్స్, అంటే మాంగాలో ఓ హీరోయిన్.

కాగితం మీద గీసిన అమ్మాయి పెట్టుకున్న ఉంగరం కోసం నిజం అమ్మాయిలు డబ్బులు దాచుకోవడం ఏంటి? వినడానికి వింతగానే ఉంటుంది. కానీ సినిమాలో హీరోయిన్ కట్టిన చీర పండగ నాటికి బట్టల షాపులో వేలాడటం మనకూ అలవాటేగా. కాకపోతే ఒక తేడా ఉంది. సినిమాలో డ్రెస్ సెలెక్ట్ చేయడానికి కాస్ట్యూమ్ డిజైనర్ వేరే ఉంటారు. మాంగాలో కథ రాసేది, బొమ్మ గీసేది, బట్టలు ‘కుట్టేది’ (పెన్నుతోనే లెండి) చాలాసార్లు ఒక్కరే. అందుకే మంచి మాంగాలో హీరోయిన్ డ్రెస్ మార్చిందంటే కథలో కూడా ఏదో మారుతోందని అర్థం.

ఇద్దరమ్మాయిలు.. ఒకటే పేరు

‘నానా’ అనగానే మనకి నానా తిప్పలు గుర్తొస్తాయి గానీ, జపనీస్‌లో నానా అంటే 7 అంకె. ఐ యజావా అనే రచయిత్రి 2000లో ‘కుకీ’ మ్యాగజైన్‌లో ఈ సీరియల్ మొదలుపెట్టారు. టోక్యో వెళ్తున్న రైలు మంచు వల్ల ఆగిపోతుంది. పక్కపక్క సీట్లలో ఉన్న ఇద్దరు 20 ఏళ్ల అమ్మాయిలు మాటల్లో పడతారు. ఇద్దరి పేరూ నానాయే. ఆ తర్వాత అనుకోకుండా మళ్లీ కలిసి, ఓ పాత బిల్డింగ్‌లో ఒకే ఫ్లాట్ అద్దెకు తీసుకుంటారు. ఫ్లాట్ నంబర్ 707.

ఒకమ్మాయి నానా కొమాత్సు. బాయ్‌ఫ్రెండ్ కోసం టోక్యో వచ్చింది. లేత రంగులు, స్కర్టులు, ముద్దొచ్చే కోట్లు. ఎవరు పలకరించినా కరిగిపోయే రకం. రెండో అమ్మాయి నానా ఒసాకి. పంక్ బ్యాండ్‌లో సింగర్. చిన్నప్పుడే తల్లి వదిలేసి వెళ్లిపోతే అమ్మమ్మ దగ్గర పెరిగింది. నలుపు, ఎరుపు, గళ్ల బట్ట, లెదర్ జాకెట్, ఎత్తు మడమల బూట్లు, వేలికి ఆ కవచం లాంటి ఉంగరం.

ఇప్పుడు ఆ ఉంగరం వైపు మరోసారి చూడండి. చిన్నప్పుడే వదిలేయబడ్డ పిల్ల, ఇంకెవరూ తనని గాయపరచకుండా ఒంటి మీద ఇనుము వేసుకుని తిరుగుతోంది. దీన్ని ఎవరూ డైలాగుల్లో విప్పి చెప్పక్కర్లేదు. బొమ్మ చూస్తే తెలుస్తుంది. పక్కనే ఉన్న రెండో నానా లేత రంగుల్లో ఏ కవచమూ లేకుండా ఉంటుంది, దెబ్బలు కూడా అలాగే తింటుంది. కథలో సగం ఈ రెండు బీరువాల మధ్యే నడుస్తుందంటే అతిశయోక్తి కాదు.

వీళ్లు డబ్బున్న అమ్మాయిలు కూడా కాదు. ఇంట్లో టేబుల్ లేకపోతే ఒసాకి చెక్కలు తెచ్చి తనే తయారు చేస్తుంది. స్ట్రాబెరీ బొమ్మలున్న రెండు గాజు గ్లాసులు కొనుక్కోవడమే వాళ్లకు పెద్ద సంబరం. ఫ్యాన్స్‌ని అడిగితే ఉంగరం తర్వాత వాళ్లు చెప్పేది ఆ గ్లాసుల గురించే.

‘నానా’ పుస్తకాలు 5 కోట్ల కాపీలకు పైగా అచ్చయ్యాయి. 2002లో షోగాకుకాన్ మాంగా అవార్డు వచ్చింది. 2005లో సినిమాగా తీస్తే సింగర్ మికా నకాషిమా నానా ఒసాకిగా చేసింది. తర్వాతి ఏడాది 47 ఎపిసోడ్ల యానిమే మొదలైంది. కాగితం మీది బట్టలు మొదటిసారి నిజం ఒంటి మీద కనిపించింది ఆ సినిమాలోనే. ఉంగరం పిచ్చి అక్కణ్నుంచి ఇంకో మెట్టెక్కింది.

ఎవరీ వెస్ట్‌వుడ్?

యజావా ఊహించి గీసిన నగ కాదది, నిజంగా షాపులో దొరికే నగ. 1970ల్లో లండన్ కింగ్స్ రోడ్‌లో వివియన్ వెస్ట్‌వుడ్, మాల్కం మెక్‌లారెన్ కలిసి ఓ చిన్న బట్టల షాపు నడిపారు. చిరిగిన టీషర్టులు, పిన్నీసులు, గొలుసులు.. పంక్ ఫ్యాషన్‌గా ప్రపంచం గుర్తుపెట్టుకున్న సరుకంతా అక్కడిదే. సెక్స్ పిస్టల్స్ బ్యాండ్‌ను నడిపించిన మేనేజర్ ఆ మెక్‌లారెనే. అప్పటి ఇంగ్లండ్ పెద్దమనుషులకి మండేలా చేయడమే ఆ బట్టల పని. రాజముద్రలో ఉండే గోళం చుట్టూ శనిగ్రహానికి ఉన్నట్టు వలయం చుట్టిన వెస్ట్‌వుడ్ లోగో మాత్రం 1980ల నాటిది. వెస్ట్‌వుడ్ 2022 డిసెంబర్‌లో 81 ఏళ్ల వయసులో చనిపోయారు.

అంటే లండన్ కుర్రాళ్ల కోపం ఓ డిజైనర్ చేతిలో బట్టగా మారింది. ఆ బట్ట టోక్యోలో ఓ రచయిత్రి చేతిలో కథగా మారింది. ఆ కథ చదివిన అమ్మాయిలు మళ్లీ షాపుకి వెళ్లి అదే వస్తువు అడిగారు. వాళ్లలో చాలామందికి సెక్స్ పిస్టల్స్ పాట ఒక్కటి కూడా తెలియకపోవచ్చు. నానా తెలుసు, చాలు.

నానా కంటే ముందే..

ఈ అలవాటు యజావాతో మొదలవలేదు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక జపాన్‌లో తిండికే కటకటగా ఉన్న రోజుల్లో, 1946లో జునిచి నకహారా అనే చిత్రకారుడు ‘సోలెయ్’ అనే మ్యాగజైన్ పెట్టాడు. పెద్ద పెద్ద కళ్ల అమ్మాయిల బొమ్మలు, వాళ్లకి చక్కటి గౌన్లు. కొత్త బట్ట కొనే స్తోమత లేకపోయినా ఉన్నదాంతోనే అందంగా ఉండొచ్చన్నది ఆయన పాఠం. అమ్మాయిల మాంగాలో కనిపించే ఆ పెద్ద కళ్లకి, బట్టల మీద శ్రద్ధకి నకహారా బొమ్మలు ఓ మూలం.

1950ల చివర్లో మకోటో తకహాషి ఇంకో పని చేశాడు. పేజీలో గళ్లన్నీ పక్కకు నెట్టి, తల నుంచి కాలి దాకా హీరోయిన్‌ని నిలువునా నిలబెట్టాడు. ఆ బొమ్మతో కథ ముందుకు కదలదు. పాఠకురాలు ఒక్క క్షణం ఆగి డ్రెస్ చూడాలి, అంతే! అమ్మాయిల మాంగాలో ఇప్పటికీ ఈ నిలువు బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది. మన సినిమాలో హీరోయిన్ ఎంట్రీకి స్లో మోషన్ వేస్తారు చూడండి, దాదాపు అదే లెక్క.

1972లో రియోకో ఇకెడా ‘రోజ్ ఆఫ్ వెర్సాయ్’ మొదలుపెట్టి, ఆస్కార్ అనే అమ్మాయికి మగవాళ్ల మిలిటరీ యూనిఫాం తొడిగారు. ఫ్రెంచ్ విప్లవం నాటి కథ. గౌన్లతో నిండిన ఆ రాజభవనంలో పాఠకుల కళ్లన్నీ ప్యాంటు వేసుకున్న అమ్మాయి మీదే. 1974లో ఆడవాళ్లే అన్ని వేషాలూ వేసే తకరజుకా నాటక బృందం దీన్ని స్టేజీ ఎక్కించింది.

చంద్రలోక రాకుమారి గౌను ఎక్కడిది?

ఇక సైలర్ మూన్ సంగతి. 14 ఏళ్ల స్కూల్ పిల్ల ఉసాగి. ఏడుపుగొట్టు, చదువులో వెనకబెంచీ. చంద్రుడి పేరు చెప్పి మంత్రం వేయగానే యోధురాలైపోతుంది. వేసుకునేది మాత్రం జపాన్ ఆడపిల్లల స్కూల్ యూనిఫాంనే కాస్త మార్చిన డ్రెస్. రోజూ బడికి వేసుకెళ్లే బట్టలే దుష్టశక్తులతో పోరాడే బట్టలవడం.. స్కూల్ పిల్లలకి ఇంతకంటే ఏం కావాలి?

దీని రచయిత్రి నవోకో తకేఉచి ఫార్మసీ చదివి లైసెన్స్ కూడా తెచ్చుకున్నారు. కానీ బొమ్మలు గీసేటప్పుడు ఆమె ముందు ప్యారిస్ ఫ్యాషన్ ఫొటోలు ఉండేవి. కథలో ఉసాగి గత జన్మలో చంద్రలోక రాకుమారి సెరెనిటీ. ఆమె తెల్ల గౌను 1992లో డియోర్ కంపెనీ కోసం జాన్‌ఫ్రాంకో ఫెర్రే డిజైన్ చేసిన ‘పలాడియో’ అనే గౌను పోలికలతోనే ఉంటుంది. ప్యారిస్‌లో కొద్దిమంది ధనవంతులు మాత్రమే కొనగలిగే డ్రెస్, కొన్ని నాణేలకే దొరికే పిల్లల పత్రికలో ప్రత్యక్షమైందన్నమాట. 30 ఏళ్లు గడిచాక చక్రం తిరిగింది. 2023లో ఖరీదైన చెప్పుల బ్రాండ్ జిమ్మీ చూ, సైలర్ మూన్ పేరుతోనే ఓ కలెక్షన్ తెచ్చింది. అప్పట్లో పత్రిక చదివిన చిన్నపిల్లలు ఇప్పుడు జీతాలు తీసుకుంటున్నారు మరి!

కొనడం కాదు.. కుట్టడం

ఇదంతా చూస్తే చివరికి బ్రాండ్ల వ్యాపారమే కదా అనిపించొచ్చు. కొంతవరకు నిజమే. అయితే ఇదే యజావా రాసిన ‘ప్యారడైజ్ కిస్’ ఇంకో దారి చూపిస్తుంది. ఇది కామిక్స్ పత్రికలో రాలేదు. ‘జిప్పర్’ అనే ఫ్యాషన్ మ్యాగజైన్‌లో 1999 నుంచి 2003 వరకు వచ్చింది. మొత్తం 5 భాగాలే. యుకారి అనే ఇంటర్ పిల్లను వాళ్లమ్మ ఎంట్రన్స్ పరీక్షలు, ట్యూషన్లు అంటూ ఊపిరాడనివ్వదు. (ఈ లైన్ చదివి మన దగ్గర చాలామంది నిట్టూర్చి ఉంటారు.) రోడ్డు మీద కొంతమంది ఫ్యాషన్ కాలేజీ స్టూడెంట్లు ఆ అమ్మాయిని ఆపి, మా డ్రెస్‌కి మోడల్‌గా ఉంటావా అని అడుగుతారు.

ఇందులో డ్రెస్ షాపులో రెడీగా వేలాడదు. గుడ్డ, దారం, పూసలు, నిద్రలేని రాత్రులు. ఒక్క గౌను పూర్తవడానికి ఎంతమంది చేతులు పడతాయో పేజీల కొద్దీ కనిపిస్తుంది. ఈ బృందంలోనే ఇసబెల్లా ఉంటుంది. పుట్టుకతో అబ్బాయి, మనసు అమ్మాయి. చిన్నతనంలో ఆమెకు మొదటి గౌను కుట్టి ఇచ్చింది స్నేహితుడు జార్జ్. ఆ గౌనులో బ్రాండ్ లేదు, ట్రెండ్ లేదు. ‘నువ్వెవరో నాకు తెలుసు’ అని ఒక మనిషి ఇంకో మనిషికి చెప్పడం ఉంది. ఈ మొత్తం ఫ్యాషన్ గోలలో ఏ ఖరీదైన ఉంగరమూ ఆ పిల్లల గౌనుకి సాటిరాదు.

ఆ నడుము ఎవరికీ ఉండదు

ఇక్కడో విషయం గట్టిగా చెప్పుకోవాలి. యజావా హీరోయిన్ల కాళ్లు ఒంట్లో సగానికి పైగా ఉంటాయి. చేతులు పుల్లల్లా ఉంటాయి. అది డ్రెస్ బాగా కనపడటం కోసం ఫ్యాషన్ స్కెచ్‌లలో గీసే కొలత. నిజం మనిషికి ఆ లెక్కన శరీరం ఉండదు. ఆ బొమ్మలా అవ్వాలని అన్నం మానేసే టీనేజ్ పిల్లలు ఇంట్లో ఉంటే పెద్దవాళ్లు తిట్టడం కాదు, ఈ మాట కూర్చోబెట్టి చెప్పాలి. డ్రెస్‌ని ఒంటికి తగ్గట్టు మార్చుకోవచ్చు. ఒంటిని డ్రెస్‌కి తగ్గట్టు చెక్కలేం.

నకిలీ నగల సంగతి కూడా. అసలు వెస్ట్‌వుడ్ వెండి ఉంగరం స్టూడెంట్ల జేబుకి అందేది కాదు. దాంతో ఆన్‌లైన్‌లో చవక కాపీలు కుప్పలుగా ఉన్నాయి. వాటిలో నికెల్ కలిసుంటే కొంతమందికి దురద, దద్దుర్లు వస్తాయి. వేలు ఎర్రబడితే వెంటనే తీసేయాలి. ఎవరి లోగోనూ కాపీ కొట్టని మామూలు వెండి ఉంగరం తీసుకున్నా లుక్ ఏమీ చెడదు.

కామిక్ కాన్‌కి తలకి విగ్గుతో సహా అచ్చం పాత్రలా తయారై వెళ్లడాన్ని కాస్‌ప్లే అంటారు. హైదరాబాద్‌లో కామిక్ కాన్ జరిగినప్పుడు ఈ వేషాలే ముందు కెమెరాలకి ఎక్కుతాయి. కానీ ఎక్కువమంది చేసేది అది కాదు. కాలేజీకి వెళ్లే రోజున హీరోయిన్ నుంచి ఒక్క ముక్క తీసుకుంటారు. ఒసాకి అంటే నలుపు మీద ఒక్క ఎరుపు. కొమాత్సు అంటే తెల్ల కాలర్, లేత రంగు కార్డిగన్. సైలర్ మూన్ అంటే రెండు జడలు, చంద్రవంక చెవిపోగులు. పక్కవాళ్లకి మామూలు డ్రెస్సే. తెలిసినవాళ్లు మాత్రం చూడగానే పట్టేస్తారు, అక్కడ స్నేహం మొదలైపోతుంది. ఒసాకి గళ్ల స్కర్ట్ కావాలంటే విదేశీ సైట్ వెతకక్కర్లేదు. అమ్మ కట్టడం మానేసిన గళ్ల నేత చీర, వీధి చివర టైలర్ ఉంటే సరిపోతుంది. నకహారా చూస్తే మెచ్చుకునేవాడు.

కథ ఎక్కడుంది ఇప్పుడు?

‘నానా’ 21 భాగాలు వచ్చాక 2009లో ఆగిపోయింది. యజావా అనారోగ్యం కారణం. 2022లో ఆమె బొమ్మల ఎగ్జిబిషన్ పెట్టారు గానీ, కథ మాత్రం ఆగిన చోటే ఉంది. ఇంగ్లిష్‌లో ఈ 21 భాగాలూ దొరుకుతాయి. కానీ ఇది చిన్నపిల్లల కామిక్ కాదు. సిగరెట్లు, సెక్స్, గర్భం, డ్రగ్స్ అన్నీ ఉన్న పెద్దవాళ్ల కథ. స్కూల్ వయసు పిల్లలైతే సైలర్ మూన్‌తో మొదలుపెట్టడం మేలు. కాలేజీ దాటినవాళ్లు నేరుగా మంచులో ఆగిన ఆ రైలు ఎక్కేయొచ్చు. దిగేటప్పుడు చివరి స్టేషన్ ఇంకా కట్టలేదని తెలిసే ఎక్కాలి.