ముస్తఫా గేమ్ మళ్లీ ఆడాలంటే? పాత వీడియో గేమ్‌లను ఇంట్లో సెట్ చేసుకునే విధానం

1990లలో పెరిగిన పిల్లలకు ఈద్ అంటే షీర్ ఖుర్మా, కొత్త బట్టలు మాత్రమే కాదు. పెద్దల చేతి నుంచి ఈదీ జేబులో పడగానే గల్లీ చివర ఉన్న వీడియో గేమ్ షాపుకు పరుగు. ఇరుకు గదిలో వరుసగా నిలబెట్టిన పెట్టెలు, కాయిన్ల చప్పుడు, ఆడేవాడి వెనక నిలబడి సలహాలిచ్చే పదిమంది. ఆ పిల్లలే ఇప్పుడు అబ్బాలు, చాచాలు, మామూలు అయ్యారు. "మా కాలంలో ముస్తఫా గేమ్ ఉండేది" అని చెబితే, "ఏదీ, చూపించండి" అని ఇంట్లో పిల్లలు అడుగుతున్నారు.

చూపించడం సాధ్యమే. పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. మూలన పడి ఉన్న పాత ఫోనో, లాప్‌టాపో చాలు. కాకపోతే ఏది దింపుకోవచ్చు, ఏది దింపుకోకూడదు, డబ్బు ఎక్కడ వృథా అవుతుంది అనేది ముందే తెలుసుకోవాలి.

ముస్తఫా గేమ్ అసలు పేరు

ఆ ఆట పేరు 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. జపాన్ కంపెనీ కాప్‌కామ్ 1993లో విడుదల చేసింది. మార్క్ షుల్ట్జ్ రాసి, గీసిన 'జీనోజోయిక్ టేల్స్' అనే అమెరికన్ కామిక్ దానికి ఆధారం. ఆటలో ఎంచుకోవడానికి నలుగురు ఉంటారు: జాక్, హానా, ముస్తఫా, మెస్. పరుగెత్తుకుంటూ వచ్చి ఎగిరి తన్నే ముస్తఫాయే మన పిల్లలకు నచ్చాడు. పైగా ఇంట్లో, బడిలో వినిపించే పేరు. దాంతో ఆటకే అతని పేరు స్థిరపడిపోయింది. ఇంగ్లిష్ పేరు ఈనాటికీ తెలియనివాళ్లు చాలామంది ఉంటారు.

ఇలాంటి ఆటలు నడిచే బోర్డుల్లో ఒక చిక్కు ఉంది. కాపీ కొట్టకుండా ఉండేందుకు కాప్‌కామ్ ఈ తరం బోర్డుల్లో ఒక చిన్న బ్యాటరీ పెట్టింది. రహస్య కోడ్ ఆ బ్యాటరీ కరెంటుతోనే నిలబడుతుంది. బ్యాటరీ అయిపోతే కోడ్ చెరిగిపోతుంది, బోర్డు పనిచేయదు. అంటే ఏ రిపేరూ చేయకుండా వదిలేసిన అసలు యంత్రాలు ఒక్కొక్కటిగా ఆగిపోవలసిందే. అందుకే పాత ఆటలను కాపాడటంలో ఎమ్యులేటర్లకు అంత ప్రాధాన్యం వచ్చింది.

ఎమ్యులేటర్ అంటే ఏమిటి?

పాత యంత్రంలా నటించే సాఫ్ట్‌వేర్‌నే ఎమ్యులేటర్ అంటారు. ఆటలో ఉన్న ఆదేశాలు పాత ప్రాసెసర్ భాషలో ఉంటాయి. వాటిని ఇప్పటి ఫోనుకు అర్థమయ్యే భాషలోకి ఎప్పటికప్పుడు మార్చి చెప్పడమే దీని పని. ఒక రకంగా దుబాసీ అనుకోవచ్చు.

దీనికి పెద్ద శక్తి అక్కర్లేదు. మన దగ్గర క్యాసెట్ పెట్టి ఆడిన టీవీ గేముల్లో ఎక్కువ భాగం నింటెండో 1983లో జపాన్‌లో తెచ్చిన ఫామికామ్‌కు నకళ్లే. ఆ యంత్రం ర్యామ్ కేవలం 2 కిలోబైట్లు. 1985లో వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్' మొత్తం సైజు 40 కిలోబైట్లు. వాట్సాప్‌లో వచ్చే ఒక మామూలు ఫోటో కూడా ఇంతకంటే పెద్దదే.

ఇక్కడ మూడు మాటలు గుర్తుంచుకుంటే మిగతాదంతా తేలిక:

ఎమ్యులేటర్ - యంత్రంలా పనిచేసే సాఫ్ట్‌వేర్.
రోమ్ - ఆట ఫైల్. అంటే పాత క్యాసెట్‌లోని సరుకు.
బయోస్ - కొన్ని యంత్రాలు ఆన్ కాగానే నడిచే కంపెనీ సొంత ప్రోగ్రామ్. ప్లేస్టేషన్, నియో జియో వంటి వాటికి ఇది కావాలి.

ఏ డివైస్ తీసుకోవాలి?

పాత ఆండ్రాయిడ్ ఫోన్: 2 జీబీ ర్యామ్ ఉన్న ఫోనులో కూడా క్యాసెట్ గేములు, ముస్తఫా తరం ఆర్కేడ్ ఆటలు, చాలావరకు మొదటి ప్లేస్టేషన్ ఆటలు నడుస్తాయి. స్క్రీన్ మీద బటన్లతో ఆడితే మజా రాదు. ఒక బ్లూటూత్ కంట్రోలర్ కొంటే సరిపోతుంది. ఐఫోన్‌లకు ఆపిల్ 2024 ఏప్రిల్‌లో పాత గేముల ఎమ్యులేటర్లను అనుమతించింది.

పాత లాప్‌టాప్: కుటుంబానికి ఇదే మంచి దారి. హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలిపి, రెండు యూఎస్‌బీ కంట్రోలర్లు పెడితే ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడొచ్చు. 'బాటోసెరా' అనే ఉచిత సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాని నుంచే లాప్‌టాప్ ఆన్ చేయవచ్చు. లోపలి విండోస్ జోలికి పోదు. పెన్‌డ్రైవ్ తీసేస్తే లాప్‌టాప్ మళ్లీ మామూలే.

రాస్ప్‌బెర్రీ పై: అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్. ఇందులో రెట్రోపై, రికల్‌బాక్స్ వంటి సిస్టమ్‌లను మెమరీ కార్డులోకి ఎక్కించి టీవీకి కలుపుతారు. బోర్డుతో పాటు అడాప్టర్, కార్డు, డబ్బా అన్నీ విడిగా కొనాలి. నేర్చుకునే ఆసక్తి ఉన్న పిల్లలకు బాగుంటుంది. కేవలం ఆట కోసమైతే పాత లాప్‌టాప్ ఉండగా ఇది కొనక్కర్లేదు.

ప్లేస్టేషన్ 2 ఆటలు కావాలంటే లెక్క వేరు. వాటికి కాస్త బలమైన కంప్యూటర్ ఉండాలి. పాత ఫోనులో నడుస్తాయని ఆశపడకూడదు.

సెట్ చేసే పద్ధతి

అనేక యంత్రాలకు కలిపి ఒకే యాప్ కావాలంటే 'రెట్రోఆర్క్' ఉంది. ఉచితం, ప్రకటనలు ఉండవు. మొదటిసారి మెనూ చూస్తే తికమకగా ఉంటుంది కానీ వరుస తెలిస్తే అరగంట పని.

1. అధికారిక సైట్ నుంచి గానీ, ప్లే స్టోర్ నుంచి గానీ రెట్రోఆర్క్ వేసుకోవాలి. వేరే చోట దొరికే ఏపీకే ఫైళ్ల జోలికి వెళ్లొద్దు.

2. 'ఆన్‌లైన్ అప్‌డేటర్'లో 'కోర్ డౌన్‌లోడర్' తెరవాలి. ఒక్కో యంత్రానికి ఒక్కో 'కోర్' ఉంటుంది. క్యాసెట్ గేములకు నెస్టోపియా, సూపర్ నింటెండోకు స్నెస్9ఎక్స్, సెగాకు జెనిసిస్ ప్లస్ జీఎక్స్, గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కు ఎంజీబీఏ, ఆర్కేడ్ పెట్టెలకు ఎఫ్‌బీ నియో. అన్నీ వేసుకోనక్కర్లేదు, అవసరమైనవి చాలు.

3. ఆటల కోసం ఒక ఫోల్డర్ పెట్టి, లోపల యంత్రానికో ఫోల్డర్ చేయాలి. అన్నీ ఒకేచోట కుక్కితే తర్వాత ఏది ఏదో తెలియదు.

4. బయోస్ ఫైళ్లను రెట్రోఆర్క్‌లోని 'సిస్టమ్' ఫోల్డర్‌లో పెట్టాలి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా యాప్ గుర్తుపట్టదు.

5. కంట్రోలర్ కలిపి, సెట్టింగ్స్‌లో 'ఇన్‌పుట్' కింద బటన్లు సరిచూసుకోవాలి. రెండో కంట్రోలర్‌కు 'పోర్ట్ 2' ఉంటుంది.

6. 'లోడ్ కంటెంట్'తో ఆట ఎంచుకుంటే మొదలవుతుంది. ఆర్కేడ్ ఆటల్లో 'సెలెక్ట్' బటన్ నొక్కితే కాయిన్ పడుతుంది, 'స్టార్ట్' నొక్కితే ఆట మొదలు.

బొమ్మ టీవీ నిండా సాగి, మనుషులు పొట్టిగా లావుగా కనిపిస్తే 'ఆస్పెక్ట్ రేషియో'ను 4:3 చేయాలి. పక్కన నల్ల పట్టీలు వస్తాయి, కానీ ఆట అసలు రూపం అదే.

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే

ఆర్కేడ్ ఆట జిప్ ఫైల్‌గా ఉంటుంది. దాన్ని విప్పకూడదు, పేరు మార్చకూడదు. బోర్డు మీద ఉన్న ఒక్కో చిప్‌కు ఒక్కో ఫైల్ చొప్పున ఆ జిప్‌లో ఉంటాయి. ఎమ్యులేటర్ వాటిని పేరుతో సహా లెక్కచూసుకుంటుంది. ఎమ్యులేటర్ వెర్షన్ మారితే కావలసిన ఫైళ్ల జాబితా కూడా మారవచ్చు. నియో జియో ఆటలకు, అంటే 'కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97' వంటి వాటికి, ఆట ఫైల్‌తో పాటు బయోస్ జిప్ కూడా అదే ఫోల్డర్‌లో ఉండాలి. ఆట తెరుచుకోకపోతే పాడైన ఫోన్ అని బాధపడనక్కర్లేదు. నూటికి తొంభైసార్లు లోపం ఈ జతలోనే ఉంటుంది.

ప్లేస్టేషన్ సీడీలు అటకమీద ఉంటే వాటిని మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచి, కంప్యూటర్ డ్రైవ్‌లో పెట్టి ఇమేజ్ ఫైల్‌గా మార్చుకోవచ్చు. 'బిన్', 'క్యూ' అనే రెండు ఫైళ్లు తయారవుతాయి. రెండూ ఒకేచోట ఉండాలి, తెరవాల్సింది 'క్యూ' ఫైల్‌ను. ప్లేస్టేషన్ బయోస్ లేనివాళ్లకు 'పీసీఎస్ఎక్స్ రీఆర్మ్‌డ్' అనే కోర్‌లో దాని బదులు పనిచేసే ఏర్పాటు ఉంది. కొన్ని ఆటలు దాంతో సరిగ్గా నడవవు కానీ చాలా ఆటలకు చాలు.

బటన్ నొక్కిన కాసేపటికి మనిషి కదులుతున్నాడా? అది చాలాసార్లు టీవీ చేసే ఆలస్యం. రిమోట్‌తో 'గేమ్ మోడ్' ఆన్ చేస్తే తగ్గుతుంది. బాతులను కాల్చే పాత తుపాకీ గేమ్ మాత్రం ఇప్పటి టీవీలో పనిచేయదు. ఆ తుపాకీ కాల్చదు, చూస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి వస్తుంది. ఆ వెలుగును తుపాకీ పట్టుకుంటుంది. పాత డబ్బా టీవీ బొమ్మను వెంటనే చూపేది. ఎల్‌ఈడీ టీవీ కాస్త ఆలస్యంగా చూపుతుంది, అప్పటికి తుపాకీ చూడాల్సిన సమయం దాటిపోతుంది.

చట్టం ఏం చెబుతుంది?

ఎమ్యులేటర్ వాడటం తప్పు కాదు. సోనీ, కనెక్టిక్స్ కంపెనీల మధ్య జరిగిన కేసులో ఎమ్యులేటర్ తయారీకి అనుకూలంగా అమెరికా అప్పీల్ కోర్టు 2000లో తీర్పు ఇచ్చింది. ఆట ఫైళ్ల సంగతి వేరు. ఆట ఎంత పాతదైనా, దుకాణాల్లో దొరక్కపోయినా కాపీరైట్ హక్కు పోదు. మన దేశపు 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ప్రకారం, ప్రోగ్రామ్‌ను న్యాయబద్ధంగా కలిగి ఉన్నవారు పోకుండా, పాడుకాకుండా బ్యాకప్ కాపీ చేసుకోవచ్చు. అంటే ఇంట్లో ఉన్న సీడీకి కాపీ చేసుకోవడం ఒకటి, ఎవరో నెట్‌లో పెట్టిన వేల ఆటలను దింపుకోవడం మరొకటి. ఈ రెండూ ఒకటి కావు.

ఇక్కడే ముస్తఫా అభిమానులకు నిరాశ. ఆ ఆటను కాప్‌కామ్ ఇంటి కన్సోళ్లకు తేలేదు. 2018లో విడుదల చేసిన 'బీట్ ఎమ్ అప్ బండిల్'లో అదే తరహా ఏడు ఆటలు పెట్టింది కానీ అందులోనూ ఇది లేదు. ఆట కాప్‌కామ్‌దే అయినా కథ, పాత్రలు కామిక్‌వి. పేరులోని క్యాడిలాక్ జనరల్ మోటార్స్ కంపెనీ బ్రాండ్. ఇంతమంది హక్కులు ముడిపడిన ఆట అది. డబ్బు పెట్టి కొందామన్నా అమ్మేవారు లేరు. అలాగని ఏదో సైట్‌లో దొరికిన ఫైల్ సొంతమైపోదు. ఈ విషయం పిల్లలకు దాచకుండా చెప్పడమే మంచిది.

అయితే న్యాయమైన దారులు తక్కువేం కాదు. పైన చెప్పిన బండిల్‌లో 'ఫైనల్ ఫైట్', 'నైట్స్ ఆఫ్ ది రౌండ్', 'కెప్టెన్ కమాండో' ఉన్నాయి. షాపుల్లో ముస్తఫా పక్కన నిలబడ్డ పెట్టెలు ఇవే. 'కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97' స్టీమ్‌లో దొరుకుతుంది. పాత యంత్రాల కోసం ఇప్పటికీ కొత్త ఆటలు తయారుచేసేవారు ఉన్నారు. గేమ్‌బాయ్ కోసం చేసిన 'టోబు టోబు గర్ల్' ఉచితం. 'గ్రిడ్లీ', 'రాబీ రోటో' వంటి కొన్ని ఆర్కేడ్ ఆటలను వాటి హక్కుదారులే వ్యాపారేతర వాడకానికి అనుమతించగా, మేమ్ ఎమ్యులేటర్ అధికారిక సైట్ వాటిని ఉచితంగా ఇస్తోంది. ఎమ్యులేటర్ సెట్ చేయడం నేర్చుకోవడానికి ఇవి చాలు.

జేబు జాగ్రత్త

"పది వేల గేములు" అని రాసిన స్టిక్కులు, చేతి గేములు ఆన్‌లైన్‌లో కుప్పలుగా ఉన్నాయి. తెరిచి చూస్తే ఒకే ఆట నాలుగైదు పేర్లతో ఉంటుంది. లోపలి ఆటలకు సాధారణంగా అనుమతి ఉండదు. వాటితో వచ్చే మెమరీ కార్డు నాసిరకమైతే కొన్నాళ్లకే పాడై, సేవ్ చేసుకున్న ఆట పోతుంది. చేతి గేము వెనక భాగం ఉబ్బినట్టు కనిపిస్తే బ్యాటరీ పాడైనట్టే. వెంటనే చార్జింగ్ ఆపి పిల్లలకు దూరంగా పెట్టాలి.

మరో గుర్తు: ఆట ఫైల్ ఎప్పుడూ తనంతట తాను ఇన్‌స్టాల్ కాదు. 40 కిలోబైట్ల మారియో పేరుతో 30 మెగాబైట్ల 'సెటప్' ఫైల్ వచ్చిందంటే అది ఆట కాదు, వైరస్ అనుకోవాలి. బ్యాంకు యాప్‌లు, ఫోన్‌పే ఉన్న ఫోనులో ఇలాంటి ప్రయోగాలు అసలే వద్దు.

చివరగా కాయిన్ సంగతి

పాతవి కదా అని అన్నీ పిల్లలకు ఇచ్చేయకూడదు. 'మోర్టల్ కాంబాట్'లో రక్తపాతం ఉంది. ముస్తఫాలోనూ తుపాకులు, కొట్లాటలు ఉన్నాయి. చిన్నపిల్లలకు టెట్రిస్, ప్యాక్‌మ్యాన్, సర్కస్ చార్లీ వంటివి నయం.

ఎమ్యులేటర్‌లో కాయిన్లకు లెక్క లేదు. బటన్ నొక్కినన్నిసార్లు పడతాయి. దాంతో ఆట పావుగంటలో చప్పబడిపోతుంది. అప్పట్లో చేతిలో మూడు కాయిన్లే ఉండేవి కాబట్టి ప్రతి దెబ్బా ఆచితూచి కొట్టేవాళ్లు, అయిపోతే ఇంటికి నడిచేవాళ్లు. ఇంట్లోనూ అదే నియమం పెట్టుకోవచ్చు: రోజుకు మూడు కాయిన్లు, ఇద్దరు ఆటగాళ్లు, అబ్బా పక్కనే. కాయిన్లు అయిపోతే టీవీ బంద్.